వణికింది నా చేతులు కాదు

ఆ రోజుల్లో నేనొక మనిషినన్న సంగతి కాస్త మరిచిపోయి, ఒక కారుకు యజమానినన్న సంగతే ఎక్కువగా గుర్తుపెట్టుకునేవాణ్ణి. అప్పటికే ఇద్దరి చేతులు మారి వచ్చిన ఆ కారును కడపలో బాడుగకు తిప్పేవాణ్ణి. సెలవులొస్తే గండికోట చూసేవాళ్లతో తీరిక ఉండేది కాదు. ఇల్లు చేరగానే, చక్రాల వేడి చల్లారక ముందే, బక్కెట్లతో నీళ్లు తెచ్చి గుమ్మరించి, తళతళలాడేదాకా తోమేవాణ్ణి. ("కన్నతల్లి కాళ్లకు ఒక్కనాడన్నా ఇన్ని నీళ్లు పోసినావా?" అనేది మా అమ్మ.)

అట్లాంటి కారుకు ఒక జబ్బు పట్టుకుంది. బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికేది. మొదట్లో అరచేతుల్లో చీమలు పాకినట్టుండేది, రానురాను జల్లెడ ఆడించినట్టయింది. చక్రాల బ్యాలెన్సింగ్ చేయించాను, అలైన్‌మెంట్ చేయించాను. తగ్గలేదు. చివరికి తప్పంతా మా రోడ్ల మీదికి తోసేసి ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా చిన్నమ్మ కమలాపురంలో ఒక సంబంధం చూసింది. పిల్ల నాయన రిటైరైన హెడ్మాస్టరు. కారేసుకుని పెళ్లిచూపులకు పోతే, టీ ఇచ్చి పిల్ల నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "గండికోట కాడ లోయలోకి తొంగిచూస్తే భయం కాదా?" అబద్ధమాడదామనుకుని కూడా, "అయితాది" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

బయలుదేరుతుంటే హెడ్మాస్టరు, "నాకూ కడపలో పనుండాది, వస్తా పదప్పా" అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చింది, బ్రేక్ తొక్కాను. తర్వాత స్పీడు బ్రేకరు, ఆ తర్వాత ఎదురుగా ట్రాక్టరు. తొక్కినప్పుడల్లా ఆయన రోడ్డు చూడటం మానేసి నా చేతులు చూశాడు. నా శ్రద్ధను మెచ్చుకుంటున్నాడనుకుని నేను స్టీరింగ్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మరునాడు పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఏమిరా, నువ్వు తాగుతావంట?"

"ఎవరు చెప్పిరి?"

"పిల్ల నాయన. బండి ఆపినప్పుడల్లా నీ చేతులు వణుకుతాండాయంట. మందు అలవాటైనోళ్లకు అట్లే వణుకుతాయంట. ఆయన సర్వీసులో అట్లాంటోళ్లను శానామందిని చూసినాడంట."

సోడా తప్ప మరొకటి ఎరగని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే రైల్వే స్టేషను దగ్గర షెడ్డు నడిపే చెవుల భాయ్ దగ్గరికి పోయాను. (బండి రోగం చెవితో విని చెబుతాడని ఆ పేరు. చెవులు మామూలువే.) నేను పెళ్లి కథంతా మొదలుపెట్టబోతే, "ఏమీ చెప్పాకు, తోలు" అని పక్కన కూర్చున్నాడు. ఊరి బయట ఎనభై వేగం అందుకున్నాక అడిగాడు: "ఇప్పుడు వణుకుతాండాదా?"

"లేదు భాయ్."

"మెల్లగా బ్రేక్ తొక్కు."

వణికింది.

"సీటు కింద తెలుస్తాందా, చేతుల్లోనేనా?"

"చేతుల్లోనే."

"అయితే ముందు చక్రాల్లోనే ఉండాది. బ్యాలెన్సింగ్ తప్పింటే బ్రేక్ తొక్కకున్యా వణికేది."

షెడ్డుకు వచ్చి చక్రాలు విప్పాడు. బ్రేక్ పట్టుకునే ఇనుప పళ్లెం, అదే డిస్క్, దానికి గడియారంలాంటి ఒక పరికరం ఆనించి మెల్లగా తిప్పాడు. ముల్లు ముందుకూ వెనక్కూ ఊగింది. "పళ్లెం వంకర పోయింది. బ్రేక్ పట్టినప్పుడల్లా ఆ ఎత్తుపల్లాలే నీ చేతికొస్తాండాయి. వేడి మీద నీళ్లేమన్నా పోస్తావా?" అన్నాడు. నేను నా స్నాన సేవ గురించి గర్వంగా వర్ణించాను. ఆయన పరికరం పక్కన పెట్టి, "బండిని ప్రేమించు, వద్దనను. అది సల్లబడినంక ప్రేమించు" అన్నాడు.

పళ్లేలు అప్పటికే అరిగి పలచబడ్డాయి, లేత్ మీద చదును చేయడానికి పనికిరావన్నాడు. రెండువైపులా కొత్తవి వేసి, ప్యాడ్లు మార్చి, నట్లన్నీ ఒకదానికెదురుగా ఒకటి సమంగా బిగించాడు. మళ్లీ రోడ్డెక్కి బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ధ్యానంలో కూర్చున్నట్టుంది.

పాత పళ్లెం ఒకటి పేపర్లో చుట్టుకుని నేరుగా కమలాపురం పోయాను. హెడ్మాస్టరు ఇంటి అరుగు మీద దాన్ని పెట్టి, చక్రం బొమ్మ కూడా గీసి, ఎత్తుపల్లాల పాఠమంతా ఒప్పజెప్పాను. ఆయన తప్పులు దిద్దేవాడిలా విన్నాడు కానీ ముఖం కరగలేదు. అప్పుడు లోపలినుంచి ఆ పిల్ల గొంతు వినబడింది. "నాయనా, చేతులు వణికేటోడైతే ఆ పొద్దు నిండు గ్లాసు టీ ఎట్ల తాగినాడు? సుక్క కూడా ఒలకలే."

హెడ్మాస్టరు లేచి చెప్పులేసుకున్నాడు. కారెక్కి, తన చెయ్యి కూడా స్టీరింగ్ మీద పెట్టి, "తోలు" అన్నాడు. ఊరి చివర బ్రేక్ తొక్కాను. "ఇంకోసారి" అన్నాడు. నాలుగుసార్లు తొక్కించాడు. చివరికి చెయ్యి తీసి, కిటికీలోంచి శనగ చేలు చూస్తూ, "మీ చిన్నమ్మను ఆదివారం రమ్మని చెప్పప్పా" అన్నాడు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. పెళ్లి మాట తేల్చుకోవడానికి పోతూ ఒక కిలో చీనీకాయలైనా కొనుక్కుపోవాలన్న తెలివి లేదు నాకు. తుప్పు పట్టిన ఇనుప ముక్కను చంటిబిడ్డలా ఎత్తుకుని, చొక్కా నిండా మసితో ఆ వాకిట్లోకి నడిచిపోయాను. ఈ వయసులో అయితే ముందు నలుగురితో మాట్లాడించి, మంచి చొక్కా వేసుకుని, ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండేవాణ్ణి. ఆ కుర్రవాడికి అవేవీ చేతకావు. అయినా వాడంటే నాకిప్పటికీ ముచ్చటే.