పెడన కిటికీ మీద నీటి పొక్కులు

నాకు కోపం ముందు, ఆలోచన తరవాత. ఇళ్ల కిటికీ అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ అంటించే నా పనిలో ఆ గుణం పనికిరాదు. తెలిసినా మానలేదు. పెడనలో కలంకారీ అద్దకం చేసే ఒక పెద్దాయన వల్ల కొంత తగ్గింది.

ఆయన ముందుగదిలో అమ్మకానికి పరిచిన దుప్పట్లు పడమటెండకు వెలిసిపోతున్నాయని నన్ను పిలిపించారు. రెండు పెద్ద అద్దాలకు ఫిల్మ్ వేశాను. సబ్బునీళ్లతో అంటిస్తాం కాబట్టి అడుగున అక్కడక్కడా నీటి పొక్కులు మిగులుతాయి. నెల తిరిగేలోపు వాటంతటవే ఆరిపోతాయి. ఆ రోజు కూచిపూడిలో ఇంకో ఇంటికి కొలతలు తీసుకోవాలి. కంపెనీ అచ్చేసిన జాగ్రత్తల కాగితం ఆయన చేతిలో పెట్టి బండెక్కేశాను.

నాలుగోరోజు పొద్దున్నే ఫోన్ చేసి, ఒక అద్దం మీద ఫిల్మ్ చిరిగిందన్నారు. ఆ రోజే గుడివాడ నుంచి ఒక డాక్టరమ్మ ఆ కిటికీలు చూడటానికి వస్తున్నారు. నచ్చితే తన ఆసుపత్రి అద్దాల పని మొత్తం నాకే అప్పగిస్తానన్నారు. వానాకాలమంతా ఖాళీగా కూర్చున్నవాణ్ణి. ఆ పని తప్పిపోతే బందరులో నా కొట్టు మూసుకోవడమే.

వెళ్లి చూస్తే నడిమధ్య జానెడు చిరుగు, చుట్టూ ముడతలు. పెద్దాయన ఏమీ దాచలేదు. అద్దకంలో చెక్క అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దితేనే రంగు పడుతుంది. ఎక్కడైనా అంటకపోతే తడి ఆరకముందే మళ్లీ గుద్దాలి. పొక్కులున్నచోట ఫిల్మ్ అంటుకోలేదనుకున్నారట. పాత అచ్చుకు గుడ్డ చుట్టి ఒక్కో పొక్కునూ గుద్దుకుంటూ పోయారు. గుడ్డ జారి, అచ్చు అంచు తగిలి ఫిల్మ్ చిరిగింది.

నేను నోరు పారేసుకున్నాను. కాగితం ఇచ్చాను కదా, చదువుకోరా, మీ చేతులు ఊరుకోవా అన్నాను. నా తండ్రి వయసు మనిషి తల వంచుకుని విన్నారు. నేనింకా అంటూ ఉండగానే వాకిట్లో డాక్టరమ్మ కారు ఆగింది.

నాలుగు రోజులకే ఇలా అయిందేమిటని ఆమె నన్నే అడిగారు. ఏం చెప్పినా సాకులాగే ఉంటుందనిపించింది. పెద్దాయన ముందుకొచ్చారు.

"చింపింది నేనండీ. ఆరేదాకా ఆగలేకపోయాను. ఈ బాబు పనితనం చూడాలంటే ఆ రెండో అద్దం చూడండమ్మా."

ఆమె రెండో అద్దం అంచులన్నీ పరీక్షగా చూసి, ఈ పొక్కులేమిటన్నారు. అవి నీళ్లేననీ, నెల రోజులు ముట్టుకోకపోతే ఆరిపోతాయనీ చెప్పాను. సోమవారం నుంచి మొదలుపెట్టమని చెప్పి వెళ్లిపోయారు.

కారు కదిలాక పెద్దాయన నాకు మంచినీళ్లిచ్చి మెల్లగా అన్నారు.

"ఆ నెల రోజుల మాట నాకూ చెప్పుంటే బావుండేది బాబూ. ఆ కాగితమంతా ఇంగ్లీషే."

ఆ మాట ఆయన డాక్టరమ్మ ఎదుటే అనేయొచ్చు. నిజం కూడాను. ఆయన అనలేదు. ఈ రోజుకీ నా కొట్టు తెరిచి ఉందంటే అందుకే.

ఆ సాయంత్రమే కొత్త ఫిల్మ్ వేసి, పొక్కులు ఒక్కొక్కటే చూపించి అన్నీ నోటితో చెప్పాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని శ్రద్ధగా విన్నారు. బయల్దేరే ముందు ఆ చేతులు రెండూ పట్టుకుని, పొద్దున అన్న మాటకు క్షమించమన్నాను.