తమ్ముడి నోట పెట్టిన మాటలు

తమ్ముడు పోయిన రోజు దవాఖానలో మాకు మొదట మంచినీళ్లు ఇచ్చినతను ఆ దవాఖాన మనిషి కాదు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా పుట్టిల్లు గౌడవెల్లి. తమ్ముడు గుండ్లపోచంపల్లిలో ఒక గోదాంలో పనిచేసేవాడు. పొద్దున డ్యూటీకి పోతుంటే హైవే మీద లారీ గుద్దింది. నేను శామీర్‌పేటలో పనిచేసే స్కూలు నుంచి ఉన్నపళంగా బయలుదేరి దవాఖానకు చేరేసరికి పోస్ట్‌మార్టం గది ముందు అమ్మ నేల మీద కూలబడి ఉంది. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన తెల్లచొక్కా వేసుకున్న ఒకతను, చేతిలో నీళ్ల బాటిల్‌తో.

"కాకా, పరేషాన్ గాకు. కాయితాలన్నీ నేను జూస్కుంట. పిలగాని ఫోటో ఒక్కటియ్యి, కేసుకు గావాలె," అంటున్నాడు.

బాపు ఫోన్ తీసి ఇచ్చాడు. కొత్త బండి మీద కూర్చుని నవ్వుతున్న తమ్ముడి ఫోటో అందులో ఉంది. అతను దాన్ని తన ఫోన్‌కు పంపుకున్నాడు. వెళ్తూ నా చేతిలో ఒక వకీలు కార్డు పెట్టాడు. ఆ పూట మాతో మెత్తగా మాట్లాడిన ప్రతివాళ్లూ మాకు దేవుళ్లే. దినాలయ్యాక ఆ వకీలుకే కేసు అప్పజెప్పాం.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్లాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కింటామె ఫోన్ పట్టుకుని వచ్చింది.

"గిది మీ పిలగాడే గద? జర జూడుండ్రి."

తమ్ముడే. అదే బండి, అదే నవ్వు. కానీ ఫోటో కదులుతోంది. కళ్లు ఆర్పాడు. తల కాస్త పక్కకు తిప్పాడు. పెదాలు విప్పి మాట్లాడాడు: "నేను రోడ్డు ప్రమాదంలో మరణించాను. కానీ నా కుటుంబానికి న్యాయం జరిగింది. మీకూ న్యాయం కావాలంటే ఇప్పుడే సంప్రదించండి." కింద ఆ వకీలు పేరు, ఫోన్ నంబరు.

మా కేసు అప్పటికి మొదటి వాయిదాకు కూడా రాలేదు.

"వాడు గట్ల మాట్లాడడు," అంది అమ్మ. "వాడు గట్ల మాట్లాడడే బిడ్డా!" అంటూ కాయల మీదే ఒరిగిపోయి ఏడ్చింది. తమ్ముడిది బొంగురు గొంతు. నేను వచ్చానని తెలిస్తే "అక్కో, బువ్వ దిన్నవా?" అని వాకిట్లోంచే అరిచేవాడు. ఈ గొంతు వార్తలు చదివేవాళ్ల గొంతులా ఉంది. బాపు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయాడు.

వకీలుకు ఫోన్ చేశాను.

"అది నేను చేయించింది కాదమ్మా. పబ్లిసిటీ వాళ్లెవరో పెట్టారు. తీయిస్తాలే," అన్నాడు.

తీయించలేదు. స్కూల్లో ఆయా ఫోన్లో కూడా నా తమ్ముడే మాట్లాడుతుంటే ఇక ఉండబట్టలేక మేడ్చల్ కోర్టుకు వెళ్లి, తెలిసినవాళ్లు చెప్పిన ఒక వకీలమ్మను కలిశాను. ఆమె వీడియో మొత్తం చూసి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"వకీళ్లు గిట్ల ప్రచారం జేస్కోవద్దమ్మా. దవాఖానలకు మనుషుల్ని తోలి కేసులు పట్టుకొచ్చుడు గూడ తప్పే. రూల్ ఎప్పటిసందో ఉన్నది."

"మరి గిదెట్ల తిరుగుతాంది మేడం?"

"వకీలు నాది గాదంటడు. దవాఖానల మీ దగ్గర ఫోటో దీస్కున్న ఏజెంటు ఫోనెత్తడు. ఇంట్ల మనిషిని పోగొట్టుకున్నోళ్లకు కొట్లాడే ఓపిక యాడుంటది?"

నాకూ లేదు. అయినా వకీళ్ల మీద ఫిర్యాదులు వినే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాను. సాక్ష్యం కోసం ఆ వీడియోను నా ఫోన్‌లోకి దింపుకున్నాను. కేసు కూడా వకీలమ్మకే మార్చుకున్నాం. వకీలుకు నోటీసు వెళ్లాక వీడియో మాయమైంది. ఆయన మాత్రం నాకేం తెలియదనే అంటున్నాడు. విచారణ ఇంకా సాగుతూనే ఉంది.

వీడియో తీసేశారన్న కబురు చెప్పడానికి గౌడవెల్లి వెళ్లాను. అమ్మ నా తల నిమిరింది. బాపు ఇంటి వెనక మంచం మీద కూర్చుని ఉన్నాడు. వినగానే ఆయన మొహం వాడిపోయింది.

"మొత్తానికే తీసేసిండ్రా?"

"తీసేసిండ్రు బాపూ. ఇగ యాడ రాదు."

జేబులోంచి తన ఫోన్ తీశాడు. "పక్కింటామె నా ఫోన్ల గూడ పెట్టిచ్చింది బిడ్డా. రోజు జూస్తుంటి. ఇప్పుడు నొక్కితె ఏమొస్తలేదు. ఫోన్ ఖరాబైందనుకున్న."

"అది వాడు గాదు బాపూ. వాళ్లు జేసిన బొమ్మ."

"నాకెర్క లేదా? కండ్లు ఆర్పుతడు గద బిడ్డా. గంత వరకే జూస్త."

అది తీసేయాలని అంతగా తిరిగింది నేనే. సాక్ష్యం కోసం దాచుకున్న ఆ వీడియో నా ఫోన్లో ఉంది. గొంతు వినిపించకుండా చేసి ఆయన చేతికిచ్చాను. తమ్ముడు కళ్లు ఆర్పాడు, తల తిప్పాడు. బాపు బొటనవేలితో తెర మీద వాడి నుదురు నిమిరాడు. దాంతో వీడియో ఆగిపోయింది.

"ఏమాయె? మల్ల పెట్టు," అన్నాడు కంగారుగా.

మళ్లీ పెట్టాను. ఇంతలో అమ్మ తినడానికి రమ్మని లోపల్నుంచి పిలిచింది. బాపు ఫోన్‌ను రెండు చేతులతో కప్పేసి, "అమ్మకు జెప్పకు," అన్నాడు.