గుమ్మం నుంచి అలల దాకా

మొన్న తార్నాకలో మా ఫ్లాటు వంటింట్లో మెత్తళ్ల ఎండుచేపలు వేయిస్తుంటే ఎదురింటి కిటికీ ఠపీమని మూసుకుంది. కోపం రావలసిందే గానీ, ఆ వాసన నన్ను అప్పటికే తొంభైల నాటి మా ఒంటిగది ఇంటికి, మామ్మ దగ్గరికి లాక్కుపోయింది.

మాది కాకినాడ దాటాక సముద్రపు ఒడ్డున చేపల వేటగాళ్ల ఊరు. తాతముత్తాతల నాటి నుంచి ఆ ఇసుక మీదే పుట్టి పెరిగినవాళ్లం. ఇప్పుడు పేపర్లలో వాతావరణ మార్పు అని రాస్తున్నారు, అప్పట్లో మేమనేది సముద్రం కోసేస్తోందని. తుఫాన్ల కాలం వెళ్లేసరికి ముందు వరస ఇళ్లు పోయేవి, మిగిలినవాళ్లం తాటాకులూ గుంజలూ పీక్కుని ఇంకాస్త వెనక్కి జరిగేవాళ్లం. మామ్మ, అంటే మా నాన్న తల్లి, ప్రతి పున్నమికీ గుమ్మం నుంచి అలల దాకా అడుగులు లెక్కపెట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏదో గొణిగేది. గంగమ్మకు మొక్కుకుంటోందనుకునేదాన్ని. తాత నేను పుట్టకముందే వేటకెళ్లి తిరిగి రాలేదు. అడుగులు తగ్గిన నెల ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు గనుక, ఎక్కువ అడుగులుంటే మంచిదని మాత్రం నాకు తెలుసు.

చివరికి వెనక్కి జరగడానికీ చోటు లేకపోయింది. నాన్నకు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో పని దొరికి తార్నాకలో ఒంటిగదుల వరసలోకి వచ్చాం. బోనాలకు పక్కింటి అత్త ఇచ్చిన కరకరలాడే సర్వపిండి, వానలు వెనకపట్టాక క్యాంపస్ బండల మధ్య పొదల్లో కళ్లు విప్పే సీతాఫలాలు, మెస్సు వెనక చింతచెట్టు కింద తొక్కుడుబిళ్ల, పిలిస్తే "ఏంది" అనే కొత్త స్నేహితురాళ్లు, వీటన్నిటితో నేను ఊరిని ఇట్టే మరిచిపోయాను. మామ్మకు మాత్రం ఒకటే ధ్యాస. "ఇక్కణ్ణుంచి సముద్రం ఎన్నడుగులే?" అని అడిగేది. "ఇక్కడికి రాదులేమ్మా" అనేవాడు నాన్న. వస్తుందా రాదా అని ఆమె అడగలేదు కదా, ఈయన దేనికి జవాబు చెబుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ఒక పున్నమినాడు పొద్దున్నే లెక్కపెట్టుకుంటూ బయల్దేరిపోయింది. మధ్యాహ్నానికి మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వాళ్లెవరో తీసుకొచ్చి అప్పగించారు. మళ్లీ పున్నమికి ఎటు పోతుందోనని నాన్న హడలిపోయాడు.

మెస్సులో తినే లింగన్న లెక్కలు చదివేవాడు. మా ఊరి సముద్రానికి ఎన్నడుగులని అతన్నే అడిగాను. "గీ సముద్రం ముచ్చటేంది పాపా" అని నవ్వి, కాగితం మీద గీకి, "ఏడు లక్షలకు మీదనే అయితది" అన్నాడు. ఏడు లక్షలు! చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాను. ఇక ఎన్ని తుఫాన్లొచ్చినా మాకు భయం లేదు, మామ్మ ఎంత సంతోషిస్తుందోనని.

మామ్మ ఆ అంకె నా చేత మళ్లీ చెప్పించుకుంది.

"అంత దూరం వచ్చేశామా? ఇల్లు జరిపాం, ఇన్నడుగులేసుకుని వచ్చెయ్ అని నెలనెలా మీ తాతకి చెప్పొచ్చేదాన్నే. ఏడు లక్షలని ఎక్కణ్ణుంచి చెప్పనే?"

అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకేం పాలుపోలేదు. పెద్ద అంకె మంచిదా చెడ్డదా, నేను చేసింది మేలా కీడా, అడగడానికి ఎవరూ కనబడలేదు.

తర్వాతి పున్నమికి మామ్మ గడప దాటలేదు. గుమ్మంలో కూర్చుని నాకు జడ వేసింది. "అమ్మ ఇప్పటికి కుదురుకుంది" అని నాన్న సంబరపడి కోవా తెచ్చాడు. అది తినాలో వద్దో కూడా నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ ఒంటిగదుల వరస లేదు, దాని మీద అపార్టుమెంట్లు లేచాయి. మా ఊరున్న చోట పడవలు తిరుగుతున్నాయట. ఆ రోజు ఏ వందో రెండొందలో అని చెప్పి ఉంటే మామ్మ మళ్లీ దారి తప్పేదేమో. ఏది నయమో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె ఇంకో ఎనిమిదేళ్లు బతికింది, తాత మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.