గిన్నె మేస్త్రి

కంటి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో పరికరాలు చేసే మనిషిని అందరూ గిన్నె మేస్త్రి అనేవాళ్ళు. రెండేళ్ళుగా ఒకే గిన్నె పట్టుకుని వేలాడుతున్నాడు మరి! తల పట్టేంత తెల్ల గిన్నె అది. దాని ముందు కూర్చుని, ఒక కన్ను మూసుకుని, నడిమి చుక్కనే చూడాలి. అంచుల్లో ఎక్కడో చిన్న దీపం వెలుగుతుంది. కనబడితే మీట నొక్కాలి. కనబడనిచోట కాగితం మీద నల్లగా పడుతుంది. నీటికాసుల జబ్బు చూపును అంచుల నుంచే కొరుక్కుతింటుంది కాబట్టి, ముందే పట్టుకోవాలంటే ఇదే దారి.

పట్టుకుంటే కదా! డాక్టరమ్మ మూడోసారి వెనక్కి పంపింది.

"మేస్త్రీ, మీ గిన్నెలో అందరి చూపూ బంగారమే. సగం చూపు పోయిన ముసలాయనక్కూడా నిండుగా ఉందని వచ్చింది."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. దీపం మార్చాడు, గిన్నెకు మళ్ళీ రంగు వేశాడు, తిండి మానేశాడు. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. నిండు చూపు ఎలా ఉంటుందో చూసుకోవడానికి ఆయనకు నమూనా ఇంట్లోనే ఉంది. అమ్మ పోయాక తనను సాకిన అక్క బట్టలు కుడుతుంది, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఆమెనే కూర్చోబెట్టి, మచ్చలేని ఆ కాగితాలను గోడకు అంటించుకున్నాడు. ఈమధ్య ఆమె తలుపు రెక్కలకు భుజాలు కొట్టుకుంటుంటే విసుక్కున్నాడు కూడా.

"కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తున్నావక్కా?"

ఒకరోజు విసిగి వేసారి తనే గిన్నె ముందు కూర్చుని రెండు కళ్ళూ మూసుకున్నాడు. మోటారు దీపాన్ని జరిపిన ప్రతిసారీ 'టిక్' మంటోంది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కుతూ పోయాడు. కాగితం తీసి చూస్తే నిండు చూపు! కళ్ళు మూసుకున్నవాడికి కూడా నిండు చూపే. తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

మోటారుకు మెత్తటి గుడ్డ చుట్టి చప్పుడు నొక్కేశాడు. దీపం లేకుండా ఉత్త 'టిక్' మాత్రం చేసే మీట ఒకటి విడిగా పెట్టాడు. ఆదివారం అక్కను కూర్చోబెట్టి, ముందు ఉత్త చప్పుళ్ళు పది చేశాడు. ఆమె పదిసార్లూ నొక్కింది.

"ఏంటక్కా ఇది? దీపమే వెలగలేదుగా."

ఆమె మీట మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "పక్కల దీపాలు నాకెప్పుడో కనబడటం మానేశాయిరా. కనబడలేదంటే నువ్వు మళ్ళీ అంతా విప్పుకుని కూర్చుంటావు, ముద్ద ముట్టవు. అందుకే టిక్కుమంటే నొక్కేదాన్ని. గిన్నెలోనే ఏదో లోపం ఉంటుందిలే, నువ్వే సరిచేస్తావులే అనుకున్నా."

ఆయనకు అక్కమీద కోపం, తనమీద అంతకు రెట్టింపు కోపం వచ్చాయి. చప్పుడు లేకుండా మళ్ళీ పరీక్ష చేశాడు. రెండు కళ్ళకూ అంచుల చుట్టూ నలుపు, మధ్యలో గుప్పెడంత తెలుపు వచ్చాయి.

మర్నాడు డాక్టరమ్మ ఆమె కళ్ళను తన దీపంతో చూసి, ఆమెను బయట కూర్చోమని పంపి, కాగితంతో పోల్చింది. "నీటికాసులే. పోయింది తిరిగిరాదు, మిగిలింది మందులతో కాపాడుకోవాలి. ఆర్నెల్ల ముందు తెలిసుంటే బాగుండేది." కాగితాన్ని ఇంకోసారి చూసింది. "గిన్నె మాత్రం ఇప్పుడు సరిగ్గా కొలుస్తోంది మేస్త్రీ."

రెండేళ్ళుగా ఆ మాట కోసమే పడిగాపులు పడ్డాడు. ఇప్పుడు ఆ గిన్నెను నేలకేసి కొట్టాలనిపించింది.

బయటికి రాగానే అక్క ఆయన చెయ్యి తడిమి పట్టుకుంది. "ఏమందిరా? పాసయ్యిందా నీ గిన్నె?"

"పాసయ్యిందక్కా" అన్నాడు.