కుట్టులో అంగుళం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ గేటు ఎదుట బంగార్రాజు ముప్పై ఏళ్లుగా డ్రైవర్లకీ గార్డులకీ యూనిఫారాలు కుడుతున్నాడు. ఒళ్లొస్తే విప్పుకోవచ్చని ప్రతి చొక్కా కుట్టులోనూ అంగుళం గుడ్డ ఎక్కువ వదులుతాడు. ఆ అంగుళం కోసమే జనం వెతుక్కుంటూ వచ్చేవారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు రెడీమేడ్ తొడుక్కుని దుకాణం ముందునుంచే పోతున్నారు.

ఊళ్లోనే సర్కండా పేటలో చిన్న వ్యాపారులకి క్లాసు పెడితే కూతురు రజిని పోరు పెట్టి పంపింది. బోర్డుకి లైటు పెట్టమన్నారు, ఫోన్లో ఫొటోలు పెట్టమన్నారు. అదంతా బంగార్రాజుకి చిరాకు. ఒక్క మాట మాత్రం తలకెక్కింది. కొత్తవాళ్లని వెతికేముందు పాతవాళ్లకి ఫోన్ చేసి పలకరించండి.

మర్నాడు కొలతల పుస్తకం తీసి, మొదటి పేజీలోని, రిటైరై కాలనీ వదిలి వెళ్లిన గార్డు సింహాద్రికి ఫోన్ చేశాడు. ఆయన భార్య కనకం ఎత్తింది.

"మీ అన్నయ్య పోయి రెండేళ్లయింది కదా. నీకు తెలీదేటి?"

బంగార్రాజు కొలతల పుస్తకం మూయబోయాడు. ఆవిడే అడిగింది.

"అచ్ఛా, ఆయన కొలతలున్నాయా నీకాడ?"

"ఉన్నాయి వదినా."

"వచ్చే వారం పెద్దలకి బట్టలు పెట్టాల. ఫొటో ముందు రెడీమేడ్ పెట్టడానికి మనసొప్పదు. తెల్ల డ్యూటీ చొక్కాయే కుట్టు."

సలహా పనిచేసింది. మిగతా పేజీల వాళ్లకీ ఫోన్ చేస్తే సాయంత్రానికి మూడు చొక్కాలు కుట్టే పని దొరికింది. మూడూ ఫొటోల ముందు పెట్టేవే.

తెల్ల గుడ్డ పరిచి, సింహాద్రి కొలతకి సుద్దతో గీత గీశాడు. అలవాటు కొద్దీ అంగుళం అవతల ఇంకో గీత గీశాడు. కత్తెర ఏ గీత మీద పెట్టాలో చాలాసేపు తేలలేదు.