సముద్రపాల సాక్ష్యం

గిర్మిట్, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం, ఇంకా నడుస్తున్న రోజుల్లో నన్ను ఫిజీలోని లంబాసా మేజిస్ట్రేటు కోర్టుకు దుబాసీగా వేశారు. చెరుకు నరుకుడు మొదలైన వారంలోనే అప్పన్న కేసు వచ్చింది. దుబాసీకి బల్ల పక్కన చోటు ఉంటుంది గాని సొంత మాట ఉండదు. విన్నది చేరవేస్తానని ప్రమాణం చేశాక తెలిసింది కూడా చెప్పకూడదు.

అప్పన్న ఎస్టేటు విడిచి పారిపోబోయాడని నేరం. రుజువైతే జైలు, ఆ జైలు రోజులన్నీ గిర్మిట్‌కు అదనం. అతనికి మిగిలింది పదకొండు రోజులే.

సాక్షి కూలీల మీద సర్దారు, హిందీవాడు. నిన్న పొద్దున హాజరుకు అప్పన్న రాలేదు. ఎక్కడికి పోయాడని పెళ్లాం ఎర్రమ్మను అడిగితే "సముందర్ పార్" అందట. ఆ మాటకు హిందీలో సముద్రం దాటి అని అర్థం. పడవ దొరక్క మధ్యాహ్నం తిరిగొచ్చాడని సర్దారు వాదన. అప్పన్న ఏమడిగినా "తప్పయిపోనాది బాబూ" అంటాడు. అదీ నేనే తర్జుమా చేయాలి.

నాకు చటుక్కున వెలిగింది. మావైపు సముద్రపాల అని ఒక తీగ ఉంది. గరాటు లాంటి ఊదా పూలు, ఆకు అడుగున వెండి నూగు. గడ్డలకు కడతారు. ఫిజీలో దాన్ని ఒక్క వాగు ఒడ్డునే చూశాను. ఒక్కో ఆకు ఓవర్సీయరు గుర్రానికి గొడుగు పట్టేంత. సరే, గుర్రం పిల్లకు అనుకోండి.

దుబాసీని గనక ఆ మాట పైకి చెప్పే వీల్లేదు. ఎర్రమ్మను పిలిస్తే వంగి నడుస్తూ వచ్చింది. ఎందుకలా వంగావని మేజిస్ట్రేటు అడిగారు. ఆ ప్రశ్నను నేను మామూలుకన్నా కాస్త గట్టిగా అడిగాను. అంతవరకు తప్పులేదు.

"ఈపు మీద గడ్డ బాబూ. నిన్న మా మావ ఆకెట్టి కట్నాడు" అంటూ కట్టు లాగి, తడి ఆకును దొర కాగితాల నడుమ పరిచింది.

దొర కుర్చీ వెనక్కి జరిపి, దీని పేరేమిటన్నారు.

"సముద్రపాల."

సర్దారు ఎగిరి లేచాడు. "సునా సాబ్? ఫిర్ వహీ బోలీ, సముందర్ పార్."

"విన్నారా, మళ్లీ అదే మాట అంది" అని ఒక్క అక్షరం వదలకుండా ఇంగ్లీషు చేశాను. నా కొలువులో అంత సంబరంగా చేసిన తర్జుమా మరొకటి లేదు.

దొర ఆకును కలంతో తిరగేసి, ఇది ఎన్నిసార్లు సముద్రం దాటిందని సర్దారును అడిగారు. పారిపోబోయిన నేరం కొట్టేశారు. సెలవడగని ఒక్క రోజు మాత్రం కలిపారు. అప్పన్న పన్నెండు రోజులకు విడుదలయ్యాడు.

పేర్లను తర్జుమా చేయకూడదని ఆ కేసులో నేర్చుకున్నాను. తర్వాత ఏ పేరు వచ్చినా సాక్షి పలికినట్టే పలికి, వస్తువును కోర్టుకు తెప్పించమని అర్జీ పెట్టేవాణ్ణి. ఒక కేసులో పంది వచ్చింది.