బూడిదలో అయిదు వేళ్లు

బెంగాల్ రేవు పక్కన మా గార్డెన్ రీచ్ కూలీల లైన్లలో ఎవరికి కోపం వచ్చినా అది అప్పలకొండమ్మ పిన్ని కోళ్ల మీదకే పోయేది. ఆరేసిన బట్టలు తొక్కాయని ఒకరు, ఎండబెట్టిన వడియాలు పొడిచాయని ఇంకొకరు. ఆవిడ తిరిగి ఒక్క మాట అనేది కాదు. మంచితనం అనుకునేరు. పోట్లాడడానికి కూడా ఓపిక ఉండాలి కదా. చీకటితో లేచి బాబుల ఇళ్లలో అంట్లు తోమి, వచ్చి బొగ్గుల పొయ్యి రాజేసి, మొగుడికి మందు పోసి, సాయంత్రం మళ్లీ అంట్లకు పోయేది. కూర్చుంటే లేవలేనని నిలబడే అన్నం తినేసేది. నేను గోడకు ఇవతల వాటాలో ఉండేదాన్ని. పళ్లెం చప్పుడు వినబడితేనే ఆవిడ ఇంటికొచ్చిందని తెలిసేది.

మొగుడు గవరయ్య. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి కుర్రతనంలో వచ్చి రేవులో బస్తాలు మోశాడు. మోసినన్నాళ్లు మోశాడు, ఆ తర్వాత ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రి డాక్టరు మందులు రాసి, రోజూ గుడ్డు పెట్టమన్నాడు. చెప్పడానికేం, సులువే. ఎర్రజెండా యూనియన్ వాళ్లు వచ్చి పరామర్శించి, టీ తాగి, బంద్ ఎప్పుడో చెప్పి వెళ్లారు. మరి గుడ్డు ఎవరు పెడతారు? పిన్ని కోళ్లను పెంచింది అందుకే గానీ ముద్దుకు కాదు. మా పెరడంటే మురికి కాలువకీ, లాకౌట్ పడి మూతబడిన జనపనార గోదాముకీ మధ్య మిగిలిన జానెడు నేల. అక్కడే పాత పెట్టెల చెక్కలతో గూడు కట్టింది. గవరయ్య దగ్గు తగ్గుముఖం పట్టిందంటే ఆ గుడ్ల వల్లేనని లైన్లో అందరం ఒప్పుకున్నాం, బట్టలు తొక్కించుకున్నవాళ్లతో సహా.

ఆ చలికాలం కోళ్లు పోవడం మొదలైంది. మొదట ఒక పెట్ట చప్పుడు లేకుండా మాయమైంది. తర్వాత ఇంకొకటి, మెడ కొరికేసి, కాలువ పక్కన పడి ఉంది. నక్క అన్నవాళ్లున్నారు, ముంగిస అన్నవాళ్లున్నారు. పిన్ని మాత్రం అది మృత్యుంజయ పిల్లి పనే అంది. మృత్యుంజయ మా ఎదురు లైన్లో ఉండే బెంగాలీ, లారీలు బాగుచేసే మేస్త్రీ. పిల్లల్లేరు. పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చేపముళ్లు తీసి తినిపించే మనిషి. నాకు తెలిసి పిన్ని ఒకరి గుమ్మం ముందు నిలబడి గొంతెత్తడం అదే మొదలు.

"నీ పిల్లిని కట్టీసుకో దాదా. నేదంటే దాని కాళ్లు ఇరిచీస్తాను."

ఆయనకు తెలుగు రాదు గానీ తిట్టు అర్థం కావడానికి భాష రావాలా? మొహం జేవురించింది. తలుపు ధడాలున వేసుకున్నాడు.

తగువు తేల్చే ఉపాయం గవరయ్యే చెప్పాడు, మంచం మీంచి. "పొయ్యిలో బూడిదుంది కదేటి. గూటి సుట్టూ జల్లీ. ఎవులొచ్చినా జాడ పడతాది."

జల్లింది. తెల్లారేసరికి జాడ పడింది, ఒక పెట్టా పోయింది. కబురు విని మృత్యుంజయ పిల్లిని చంకలో పెట్టుకుని, సాక్ష్యానికి మమ్మల్నందరినీ పిలుచుకుని మరీ వచ్చాడు. పిల్లి ముందు కాలు పట్టుకుని ఆ జాడ పక్కనే బూడిదలో అద్దాడు. పిల్లి అడుగులో నాలుగు వేళ్లు. దొంగ అడుగులో అయిదు. "చూశావా బౌదీ, నా పిల్లి నిర్దోషి," అని పిన్నిని వదిన వరస పెట్టి బెంగాలీలో ప్రకటించాడు. అందరం నవ్వాం. పిల్లి బూడిద కాలు నాక్కుంటూ కూర్చుంది.

పిన్ని నవ్వలేదు. వంగి ఆ అయిదు వేళ్ల జాడనే చూస్తోంది. చాలా చిన్న జాడ. అప్పుడే నడక వచ్చిన పిల్ల అరికాలు పెట్టినట్టుంది. ఆవిడ దాదాకు చేతులు జోడించి లోపలికి వెళ్లిపోయింది.

కోళ్లు పోవడం ఆగలేదు. గూటి అడుగున చెక్క విరిగి సందు పడింది, దొంగ దారి అదేనని కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. ఒక ఇటుక పెడితే చాలు. పిన్ని పెట్టదు. ఒకరోజు ఒళ్లు మండి నేనే పెట్టొచ్చాను. సాయంత్రానికి ఇటుక పక్కన పడుంది, సందు ముందు చిన్న గిన్నెలో అన్నం ముద్ద ఉంది. నాకసలే నోరాగదు.

"ఏటి పిన్నీ, బాబాయికి పెట్టాల్సిన గుడ్లు ఎవులికి మేపుతన్నావు?"

ఆవిడ గిన్నె సర్దుతూ చెప్పిన మాట తెలియాలంటే ముందు మా ఊళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. మా వైపు పెద్దవాళ్లెవరైనా పోతే, ప్రాణం పోయిన చోట బూడిద జల్లి తలుపేస్తారు. తెల్లారి ఏ జాడ పడిందో చూసి, పోయినవాళ్లు ఏ రూపంలో వచ్చి వెళ్లారో చెప్పుకుంటారు. పసిపిల్లలకు ఇవేవీ లేవు. పూడ్చిపెట్టి వచ్చేస్తారు, అంతే. పిన్నికి కాసులమ్మ అని ఒక్కగానొక్క కూతురు ఉండేదని లైన్లో విన్నాను. నేను ఇక్కడికి రాకముందే, మూడేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. జ్వరంలో అన్నం పెట్టకూడదని లంఖణాలు ఉంచారట. పిల్ల చివరిదాకా అన్నమే అడిగిందట.

"నాను పెట్టనేదు," అంది పిన్ని. "గుంట ఆకలితో ఎల్లిపోనాది. దానికెవులూ బూడిద జల్లనేదు. ఇన్నాళ్లకి జల్లితే ఒచ్చినాది. ఆ వాసన సూడు, నీకే తెలుస్తాది. కూడు వాసన."

నిజమే. గూటి దగ్గర పాయసం బియ్యం ఉడుకుతున్న కమ్మటి వాసన. ఆ చుట్టుపక్కల ఎవరి పొయ్యి మీదా ఎసరు లేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. కోపం మాత్రం పోలేదు. చచ్చిపోయిన పిల్లకు ముద్ద పెట్టుకో, వద్దనను. బతికున్న మనిషి నోటి దగ్గరది ఎందుకు లాగుతావు? ఆ మాటే అనేశాను. పిన్ని గిన్నెను సందుకు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

గుడ్లు తగ్గాయి. గోడ అవతల దగ్గు మళ్లీ పెరిగింది. ఆఖరికి గూట్లో ఒక్క ఎర్ర పెట్ట మిగిలింది. అప్పుడు గవరయ్యకు సంగతి తెలిసింది. గోడ పల్చన, మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"గుంటొస్తే కోడి పీక కొరుకుతాదేటే?"

"ఆకలి మీదున్న గుంటకి ఏటి తెలుస్తాది?"

గవరయ్యకు దగ్గు తెర వచ్చింది. "అలగైతే ఒగ్గీ," అన్నాడు చివరికి. "నాకు గుడ్లొద్దు."

మొగుడైనా కసురుతాడనుకున్నాను. ఇద్దరూ ఒక్కటైపోయారు. ఆ ఒక్క పెట్టనూ, దాంతోపాటు ఆయన ఊపిరినీ ఆ సందులోంచి సాగనంపడానికి సిద్ధపడిపోయారు. అంత అలసిపోయిన మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం. తిన్నగా మృత్యుంజయ దగ్గరికి పోయి, నాకొచ్చిన బెంగాలీలో అంతా చెప్పాను. పిల్ల సంగతి తప్ప.

"వండిన బియ్యం వాసనా?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "అది భామ్! దాని ఒంటి వాసనే అది."

భామ్ అంటే మన మానుపిల్లి, చెట్లెక్కే పునుగు జాతి జంతువు. రాత్రి తిరిగి, పగలు పాత పైకప్పుల్లో పడుకుంటుందట. ఆ మధ్యాహ్నమే పిన్నిని బలవంతంగా లాక్కెళ్లాం. గోదాము కిటికీకి చెక్కలు ఊడిన చోటునుంచి ఆయన చెయ్యి చాపి దూలం వైపు చూపించాడు. నల్లటి మొహం, బారెడు తోక. హాయిగా నిద్రపోతోంది. ఒక కాలు దూలం మీంచి కిందికి వేలాడుతోంది. దానికి అయిదు వేళ్లు.

పిన్ని చూసింది, చాలాసేపు చూసింది. నమ్మదేమో, వాదిస్తుందేమో అని నేను మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మా గుంట కాదు," అంది.

అని గోదాము గోడ పక్కనే మట్టిలో చతికిలబడింది. కూర్చుంటే లేవలేనని నిలబడి తినే మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోళ్ల కోసమనుకున్నాడు పాపం మృత్యుంజయ. "ఏడవకు బౌదీ, దారి మూసేద్దాం, మళ్లీ రాదు," అన్నాడు. మళ్లీ రాదని ఆయన అన్న కొద్దీ ఆవిడకు ఏడుపు ఎక్కువైంది. నా మాటే నెగ్గింది గానీ నాకేమీ సంతోషం కలగలేదు.

సాయంత్రం ఆయనే ఇటుకలూ, లారీ రేకుముక్కా తెచ్చాడు. సిమెంటు పిన్నే కలిపింది, సందు పిన్నే మూసింది. మూసిన తర్వాత రోజూలాగే చుట్టూ బూడిద జల్లి, గిన్నెలో ముద్ద పెట్టింది. మేమిద్దరం ఆ బూడిద తొక్కకుండా మిగిలిన ఇటుకలు తీసేశాం.

పొద్దున్నే నేను వెళ్లేసరికి పిన్ని గూటి దగ్గర నిలబడి ఉంది. బూడిద మీద ఏ గుర్తూ లేదు. అన్నం ముద్ద పైన ఎండిపోయి అలాగే ఉంది. గూట్లో ఎర్ర పెట్ట గుడ్డు పెట్టింది. ఆవిడ ముద్దను పెట్టకు వేసి, బూడిద ఊడ్చి కాలువలో పోసి, గుడ్డు తీసుకెళ్లి ఉడికించింది. నేను వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ ఒలిచి ఉప్పద్ది గవరయ్య చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

"జాడ పడ్డాదా?"

"నేదు."

"కాసులమ్మకి కూడు ఒద్దన్నది నానే కదే," అన్నాడు. ఆయన నోట ఆ పేరు నేను విన్నది అప్పుడే. "నువ్వు గిన్నె అట్టుకొస్తే నాను లాగీసేను. నువ్వు కాదు."

పిన్ని పొయ్యి వైపు నుంచి తల తిప్పలేదు.

"తెలుసు," అంది. "తిను. సల్లారిపోతాది."